తూచ్ అనడానికి వీల్లేని ఆటలు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిలిచి మాట్లాడే అవకాశం ఇచ్చిన గ్రంథాలయం వారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నా కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం 'ప్రపంచంలోకెల్లా చెత్త గేమ్ షోలు'. నేను పదకొండేళ్లు టీవీ ప్రోగ్రాముల వెనక పనిచేశాను. అందులో ఎక్కువ గేమ్ షోలే. కాబట్టి ఈ విషయం నేను ఒడ్డున నిలబడి మాట్లాడడం లేదు.

ముందు 'చెత్త' అనే మాట సంగతి తేల్చుకుందాం. ఇలాంటి షోల జాబితా ఎవరు రాసినా అందులో ఒక పేరు తప్పకుండా ఉంటుంది. 1961 జనవరి 20, శుక్రవారం రాత్రి అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో వచ్చిన 'యూ ఆర్ ఇన్ ద పిక్చర్'. హోస్టు జాకీ గ్లీసన్, అప్పటికే అక్కడ పెద్ద కమెడియన్. మన తిరనాళ్లలో చెక్క మీద పులి మీద కూర్చున్న మనిషి బొమ్మో, విమానం బొమ్మో గీసి, తల పెట్టడానికి కన్నం వదిలేస్తారు చూడండి, ఫొటో దిగడానికి. అదే ఆట. నలుగురు ప్రముఖులు ఆ కన్నాల్లో తలలు పెట్టి, తామున్న బొమ్మ ఏంటో గ్లీసన్‌ను ప్రశ్నలడిగి కనుక్కోవాలి. అసలు పండలేదు. మరుసటి శుక్రవారం జనం టీవీ పెట్టేసరికి సెట్టు లేదు. ఖాళీ స్టేజి, ఒక కుర్చీ, గ్లీసన్. పోయిన వారం మేం చేసిన షో ఘోరంగా తన్నేసింది, క్షమించండి అంటూ అరగంట సేపు ఆయన ఒక్కడే మాట్లాడాడు. ఆ ఆట మళ్లీ రాలేదు.

ఆ షోను చెత్త అనడానికి నాకు మనసొప్పదు. ఆడినవాళ్లకు ఏం జరిగింది? కాసేపు మెడ పట్టేసి ఉంటుంది. చూసినవాళ్లకు అరగంట పోయింది. ఆ అరగంటకు బదులు మరో అరగంట నిలబడి క్షమాపణ చెప్పాడు. నా ఉద్యోగంలో ఫ్లాపు షోలు చాలా చూశాను. లైటు కాలిపోయి, బజర్ మోగక, యాంకర్‌కు స్క్రిప్ట్ అందక నాశనమైన ఎపిసోడ్లు ఉన్నాయి. వాటి వల్ల ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. నాకు నిద్ర పట్టనివ్వని షోలు వేరే ఉన్నాయి, అవన్నీ బాగా ఆడినవే.

మనమందరం చిన్నప్పుడు ఆడాం. తొక్కుడు బిళ్ల, దాగుడు మూతలు, ఏడు పెంకులు. ఆట మధ్యలో కాలికి ముల్లు గుచ్చుకున్నా, లంగా చిరిగినా, ఇంట్లోంచి అమ్మ పిలిచినా ఒకటే మాట: 'తూచ్!' ఆ మాట అన్నాక ఎవరైనా వచ్చి ముట్టుకుంటే అది లెక్కలోకి రాదు. వీధిలో ఎంత మొండి పిల్లాడైనా ఆ మాటకు ఆగాల్సిందే. తూచ్ అని ఎప్పుడు నేర్చుకున్నామో మనకెవరికీ గుర్తుండదు, కానీ ఆ మాట లేని ఆట మనం ఆడలేదు. ఏం ఆడుతున్నామో మనకు తెలుసు, ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉంది. ఆ ధైర్యంతోనే పిల్లలు కింద పడతారు, లేస్తారు, మళ్లీ పరుగెడతారు.

మనకు బాగా తెలిసిన షో తీసుకోండి. 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో మొదలైన 'కౌన్ బనేగా కరోడ్‌పతి'. 2014లో తెలుగులో నాగార్జున గారు చేసిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'. రెండూ 1998లో ఇంగ్లండ్‌లో పుట్టిన షో పిల్లలే. హాట్ సీట్‌లో కూర్చున్న మనిషికి ప్రశ్న కనబడుతుంది, నాలుగు ఆప్షన్లు కనబడతాయి. అన్నీ చూశాక, ఆలోచించుకున్నాక, 'నేను ఇక్కడితో ఆపేస్తానండీ' అని గెలిచినంత పట్టుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. అంటే తూచ్‌ను రూల్స్‌లోనే రాసిపెట్టారు. ఆ షోలో ఎంత డబ్బున్నా, ఎంత టెన్షన్ మ్యూజిక్ వేసినా నాకు భయం వేయదు, కారణం అదే.

ఇప్పుడు ఆ మాట తీసేసిన ఆటల దగ్గరికి వస్తాను.

'క్వీన్ ఫర్ ఎ డే', అంటే ఒక్కరోజు మహారాణి. 1945లో అమెరికా రేడియోలో మొదలై, 1956లో ఎన్‌బీసీ టీవీకి వచ్చి, తర్వాత ఏబీసీకి మారి 1964 దాకా నడిచింది. ఇంటి పని చేసుకునే ఆడవాళ్లు చూడడానికి వీలుగా పగటి పూట వచ్చేది. హోస్టు జాక్ బెయిలీ, సన్న మీసం, గట్టి గొంతు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ కష్టం చెప్పుకోవాలి. అది తీరడానికి ఏం కావాలో అడగాలి. నడవలేని బిడ్డకు చక్రాల కుర్చీ కావచ్చు, బట్టలుతికే మెషీన్ కావచ్చు. చివర్లో ఒక్కొక్కరి ముఖం చూపిస్తూ హాల్లో ఉన్న జనాన్ని చప్పట్లు కొట్టమంటారు. చప్పట్ల జోరును కొలిచే మీటరు తెర మీద కనబడుతుంది. దాని ముల్లు ఎవరి దగ్గర ఎక్కువ దూరం పోతే ఆవిడ ఆ రోజుకు మహారాణి. ఎర్ర వెల్వెట్ అంగీ కప్పి, తల మీద కిరీటం పెట్టి, చేతికి గులాబీలిచ్చి సింహాసనం మీద కూర్చోబెడతారు. అడిగింది ఇస్తారు, దాంతో పాటు స్పాన్సర్ల సామాన్లూ ఇస్తారు. అరగంట షోను ప్రకటనలు పట్టక ముప్పావుగంట చేశారు.

ఆ మీటర్ ముల్లు గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మంచం పట్టిన బిడ్డ ఉన్న తల్లి ఒకావిడ, ఇల్లు కాలిపోయినావిడ ఇంకొకరు అనుకుందాం. రెండో ఆవిడకు ముల్లు రెండు గీతలు ఎక్కువ పోయింది. ఇక ఆ తల్లి ఏమనుకోవాలి? తన బిడ్డ కష్టం చాల్లేదనా? ఇంకాస్త ఏడ్చి ఉంటే బాగుండేదనా? ఓడిపోయినవాళ్లకూ చిన్న చిన్న బహుమతులు ఇచ్చి పంపేవారు. అవి పట్టుకుని ఇంటికి వెళ్లి ఆ బిడ్డ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆవిడ మనసులో ఏముంటుందో ఏ మీటరూ కొలవలేదు.

షో ఆగిపోయాక, దాని ప్రొడ్యూసర్లలో ఒకడైన హోవర్డ్ బ్లేక్ 1966లో తనే రాశాడు. అది మోటు షో, నాసిరకం షో, ఏడుపుగొట్టు షో అన్నది నిజమే, అందుకే అంత బాగా ఆడింది, జనానికి కావలసింది అదే అన్నాడు. అంతటితో ఆగలేదు. వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఊరికే ఏదో దొరుకుతుందనే ఆశతో వచ్చినవాళ్లు కారా అని కూడా అడిగాడు. మొదటి మాటకు అతన్ని మెచ్చుకుంటాను, దాచకుండా చెప్పాడు కాబట్టి. రెండో మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. చక్రాల కుర్చీ కొనలేని తల్లి దాన్ని ఎవరిస్తామంటే వాళ్ల గుమ్మం ఎక్కుతుంది. ఎక్కినందుకు ఆవిడను ఆశపోతు అంటే ఎలా?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, హైదరాబాద్‌లో, ఆడవాళ్ల గేమ్ షో ఒకదానికి పనిచేసేదాన్ని. ఛానల్ పేరు అనవసరం. పొద్దున్నే పార్టిసిపెంట్లు వచ్చేవాళ్లు. రాత్రి బస్సెక్కి, నలగకుండా పట్టుచీర కవర్లో పెట్టుకుని, స్టూడియో బాత్‌రూమ్‌లో కట్టుకునేవాళ్లు. వాళ్ల చేత ఫారం నింపించడం నా పని. పేరు, ఊరు, పిల్లలెంతమంది, ఇష్టమైన హీరో. అట్టడుగున ఒక గడి: మీ జీవితంలో మరచిపోలేని సంఘటన. మా ప్రొడ్యూసర్ నోటితో చెప్పిన రూల్ ఇంకొకటి ఉండేది. ఏడుపు ఉన్న ఫారానికి టిక్కు పెట్టు, ఆవిడను యాంకర్ పక్కన నిలబెడదాం అని.

ఒకరోజు తెనాలి పక్కన పల్లెటూరి నుంచి ఒకావిడ వచ్చారు. నలభై అయిదేళ్లుంటాయి. ఆరోజు ఆటల్లో నిమిషంలో స్టీలు గ్లాసులు పేర్చడం ఉంది. ఆవిడ ఇంట్లో నెల రోజులుగా ప్రాక్టీసు చేశారట, గచ్చు మీద, గ్లాసులు పడి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా పోయిందట. అది చెప్తూ ఎంత నవ్వారో. ఫారంలో ఆ చివరి గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. 'ఇది కూడా రాయాలి ఆంటీ' అన్నాను. ఆవిడ గొంతు తగ్గించారు. 'మా ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు పాపా. నీకు చెప్తున్నా, అందులో రాయొద్దు. నేను ఆడుకుందామని వచ్చా.'

ఆవిడ దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక క్విజ్‌ల సంగతి కాస్త త్వరగా చెప్పేస్తాను, ఈ కథ చాలామందికి తెలిసిందే. 1956 సెప్టెంబర్ 12న ఎన్‌బీసీలో 'ట్వంటీ వన్' అనే క్విజ్ మొదలైంది. మొదటి రాత్రి నిజాయితీగా ఆడించారు. ఇద్దరికీ ఏమీ తెలియలేదు, షో తేలిపోయింది, స్పాన్సర్ మండిపడ్డాడు. అప్పటి నుంచి జవాబులు ముందే చెప్పి ఆడించారు. పోటీదార్లను అద్దాల గదిలో పెట్టి, చెమట పట్టాలని ఏసీ ఆపేసేవారు. చెమటను తుడుచుకోకూడదు, రుమాలుతో అద్దుకోవాలి అని కూడా నేర్పారు. హెర్బ్ స్టెంపెల్ అనే ఆయన వారాల తరబడి గెలుస్తూ వచ్చాడు. జనానికి మొహం మొత్తిందని ఓడిపొమ్మన్నారు. 1955కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చిన సినిమా ఏది అన్నది ప్రశ్న. జవాబు 'మార్టీ'. ఆ సినిమా అంటే ఆయనకు ప్రాణం, మూడుసార్లు చూశాడు. తెలిసి తెలిసి వేరే సినిమా పేరు చెప్పాడు. ఆయన మీద గెలిచినట్టు చూపించిన కొలంబియా యూనివర్సిటీ లెక్చరర్ చార్లెస్ వాన్ డోరెన్ దేశమంతా ముద్దుబిడ్డ అయ్యాడు. 1959 నవంబర్ 2న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు అంతా నాటకమని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది క్విజ్ షోల్లో రిగ్గింగ్ నేరమని చట్టం వచ్చింది. అందరూ దీన్ని ప్రేక్షకులకు జరిగిన మోసంగానే చెప్తారు. నాకు మాత్రం స్టెంపెల్ ఆ ఒక్క క్షణం గుర్తొస్తాడు. ప్రాణంగా చూసుకున్న సినిమా పేరు నాలుక చివర ఉంది, పైకి చెప్పడానికి లేదు.

తర్వాతది మన దేశానికీ వచ్చింది. దాని వేళ్లు కొలంబియాలో కనిపిస్తాయి. అక్కడ ఒక షోలో పోటీదారును ముందుగా లై డిటెక్టర్ మీద కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఆ తర్వాత స్టేజి మీద, ఇంటివాళ్ల ఎదుట, అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. మెషీన్ చెప్పినదానితో జవాబు కలిస్తే డబ్బు. 2007లో ఒకావిడను నీ భర్తను చంపించడానికి కిరాయి హంతకుడికి డబ్బిచ్చావా అని అడిగారు. అవునంది. అక్కడ షో ఆగిపోయింది. మరుసటి ఏడాదే అమెరికాలో ఫాక్స్ ఛానల్ దాన్ని 'ద మొమెంట్ ఆఫ్ ట్రూత్' అనే పేరుతో మొదలుపెట్టింది. ఒక ఎపిసోడ్‌లో ఒక భార్య, భర్త ఎదురుగా కూర్చుని ఉండగా, పెళ్లినాడు కూడా వేరే మనిషి మీద ప్రేమ ఉందని, తర్వాత భర్తను మోసం చేశానని ఒప్పుకుంది. అన్నింటికీ నిజమే చెప్పింది, మెషీన్ ఒప్పుకుంది. తర్వాతి ప్రశ్న, నువ్వు మంచి మనిషివని అనుకుంటున్నావా అని. అవునంది. అబద్ధం అని తేల్చారు. అప్పటిదాకా గెలిచిన డబ్బంతా పోయింది.

ఆ మెషీన్‌కు అబద్ధం తెలియదు. గుండె వేగం, ఊపిరి, చెమట, ఇవే దానికి తెలిసింది. భయపడ్డా అవే మారతాయి, సిగ్గుతో చచ్చిపోతున్నా అవే మారతాయి. నేను మంచిదాన్నేనా అని ఎవరు అడిగినా, ఏ తల్లికి, ఏ భార్యకు గుండె దడ రాదు చెప్పండి?

2009 జులై 15న స్టార్ ప్లస్‌లో ఇదే 'సచ్ కా సామ్నా' అయింది. హోస్టు రాజీవ్ ఖండేల్వాల్, 21 ప్రశ్నలు, కోటి రూపాయలు. రాజ్యసభలో గొడవ జరిగింది, సమాచార ప్రసార శాఖ షోకాజ్ నోటీసు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. కోర్టు వాటిని కొట్టేసింది. నచ్చకపోతే టీవీ కట్టేయండి, చెడు చూడకండి అని గాంధీ గారు చెప్పారు కదా అంది. చూసేవాళ్ల విషయంలో నాకూ ఆ మాట సబబే. నా బాధ సోఫాలో కూర్చున్నవాళ్ల గురించి. పోటీదారు సంతకం పెట్టి వచ్చాడు. పక్క సోఫాలో ఉన్న భార్యో, తల్లో, పదహారేళ్ల కూతురో ఏం వినబోతున్నారో వాళ్లకు ఎవరు చెప్పారు? వాళ్లు రిమోట్‌తో కట్టేసుకోగలరా? ఈ షోల్లో ఆపేసే హక్కు లేకపోలేదు. ప్రశ్న వినకముందే ఆపేయాలి. విన్నాక జవాబు చెప్పాల్సిందే, లేకపోతే అంతా పోయినట్టే. కోటీశ్వరుడు ఆటలో ప్రశ్న చూశాక ఆగొచ్చని ఇందాక చెప్పాను. ఆ చిన్న తేడాలోనే అంతా ఉంది.

ఆ మరుసటి ఏడాది, 2010 మే 5న, సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, నార్కో (మత్తుమందిచ్చి మాట్లాడించడం) లాంటి పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధం అని. హత్య కేసులో అనుమానితుడికి కూడా వద్దనే హక్కు ఉంది.

ఇప్పుడు నసుబి గురించి. ఈ కథ చెప్పడానికే నేను ఇవాళ వచ్చాననుకోండి.

1998 జనవరి, జపాన్. తొమోఆకి హమత్సు అనే కుర్రాడు ఫుకుషిమా వాడు, కమెడియన్ కావాలని కలలు కంటున్నాడు. ముఖం పొడుగు. అందుకే నసుబి అని పేరు పడింది, వంకాయ అని అర్థం. నిప్పన్ టీవీలో 'దెన్పా షోనెన్' అనే ప్రోగ్రాం ఉండేది, దాని ప్రొడ్యూసర్ తొషియో త్సుచియా. ఆడిషన్‌కు వచ్చిన కుర్రాళ్ల చేత లాటరీ తీయించారు. ఇతనికి తగిలింది. ఒక చిన్న గదికి తీసుకెళ్లి బట్టలు విప్పమన్నారు. గదిలో ఒక బల్ల, కూర్చోవడానికి కుషన్, ఫోను, గుట్టగా పత్రికలు, పోస్టు కార్డులు ఉన్నాయి. తిండి లేదు, వేసుకోవడానికి గుడ్డ లేదు. పత్రికల్లో వచ్చే బహుమతి పోటీలకు కార్డులు రాసి పంపాలి, గెలిచిన వాటితోనే బతకాలి. వాటి విలువ 10 లక్షల యెన్‌లకు చేరితే ఆట పూర్తయినట్టు.

సబ్బు రేపర్లు కత్తిరించి, కవర్లో పెట్టి పంపించి, బహుమతి కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ కుర్రాడికి అన్నం కూడా ఆ దారినే రావాలి.

రోజుకు వందల కార్డులు రాసేవాడు. ఏదైనా వస్తే గదంతా గంతులేసేవాడు. ఒకరోజు బియ్యం వచ్చాయి. వండుకోవడానికి గిన్నె లేదు. ఖాళీ ప్యాకెట్‌లో బియ్యం, నీళ్లు పోసి, మంటకు దగ్గరగా పెట్టి ఉడికించుకోవడం నేర్చుకున్నాడు. అవి అయిపోయాక గెలిచింది కుక్కలకు పెట్టే తిండి. వారాల తరబడి అదే తిన్నాడు. సైకిల్ వచ్చింది, బయటికి వెళ్లడానికి లేదు. ఆడవాళ్ల లోదుస్తులు వచ్చాయి, అతనికి పట్టవు. టీవీ వచ్చింది, గదిలో యాంటెనా కనెక్షన్ లేదు. కావాలనే పెట్టలేదు. పెట్టి ఉంటే అందులో తనే కనిపించేవాడు.

అతనికి చెప్పింది వేరు. ఊరికే రికార్డు చేస్తున్నాం, ఇది టీవీలో వస్తుందో రాదో అన్నారు. నిజానికి వారం వారం వస్తోంది. నడుము దగ్గర వంకాయ బొమ్మ అడ్డం పెట్టి వేస్తున్నారు. కోటి మందికి పైగా చూసేవారు. అతను గదిలో రాసుకుంటున్న డైరీ బయట పుస్తకంగా అచ్చై అమ్ముడుపోతోంది. జుట్టు, గడ్డం, గోళ్లు పెరిగి, పక్కటెముకలు తేలి, తనలో తను మాట్లాడుకుంటున్న మనిషికి ఇదేదీ తెలియదు.

335 రోజులకు లెక్క పూర్తయింది. బహుమతి అని చెప్పి దక్షిణ కొరియా తీసుకెళ్లారు. అక్కడ ఇంకో గది చూపించి, మళ్లీ బట్టలు విప్పమని, ఇంటికెళ్లడానికి విమానం టికెట్ డబ్బులు ఇక్కడ గెలుచుకో అన్నారు. అదీ గెలిచాడు. జపాన్ తీసుకొచ్చి మరో చిన్న గదిలో వదిలారు. ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. తనంతట తనే బట్టలు విప్పేసి కింద కూర్చున్నాడు. అప్పుడు గది నాలుగు గోడలూ విడిపోయి పడ్డాయి. చూస్తే స్టూడియో. చుట్టూ జనం, కేకలు, చప్పట్లు. నా ఇల్లు పడిపోయింది అన్నాడు అతను.

ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. గోడలు పడే ముక్క కాదు, అంతకు ముందుది. ఎవరూ చెప్పకుండా చొక్కా విప్పేసే ఆ కాస్త భాగం. ఒక మనిషిని ఏడాది పైన ఎలా తయారుచేశారో ఆ చేతుల్లో కనిపిస్తుంది.

గది తలుపుకు తాళం లేదని చాలా ఏళ్ల తర్వాత నసుబియే చెప్పాడు. మరి ఎందుకు వెళ్లలేదు అని అందరూ అడుగుతారు. లేచి వెళ్లాలన్న శక్తి కూడా మిగల్లేదు అన్నాడు. టీవీలో పనిచేసినదానిగా నాకు ఆ జవాబు వెంటనే అర్థమైంది. మనిషి నోట తూచ్ రాకుండా చేయాలంటే గొళ్లెం పెట్టక్కర్లేదు. ఆకలి సరిపోతుంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తావా అనే ఒక్క మాట సరిపోతుంది. 2011లో ఫుకుషిమాలో సునామీ, అణు ప్రమాదం జరిగాక నసుబి తన ఊరివాళ్లకు ధైర్యం చెప్పాలని ఎవరెస్ట్ ఎక్కడానికి పూనుకున్నాడు. మొదటి ప్రయత్నాలు ఫలించలేదు. 2016లో ఎక్కాడు. ఆ విరాళాల పనిలో త్సుచియా కూడా సాయం చేశాడు, చేసినదానికి క్షమాపణ అడిగాడు. నసుబి క్షమించాడు. అది అతని పెద్ద మనసు. దాని వల్ల షో మంచిదైపోదు.

చివరగా ఒక దొంగ షో. 2010 మార్చి 17న 'ఫ్రాన్స్ 2' ఛానల్ ఒక డాక్యుమెంటరీ వేసింది. దానికోసం ఒక ఉత్తుత్తి గేమ్ షో తయారుచేశారు. సెట్టు, లైట్లు, యాంకర్, జనం, అన్నీ అసలు షోలో లాగే. 80 మంది పోటీదార్లను పిలిచారు. ఇది ట్రయల్ ఎపిసోడ్, ప్రైజ్ మనీ లేదు అని ముందే చెప్పారు. ఆట ఇది: కనిపించకుండా లోపల కుర్చీలో కట్టేసిన మనిషి తప్పు జవాబు చెప్తే లివర్ లాగి కరెంట్ షాక్ ఇవ్వాలి. తప్పు తప్పుకీ వోల్టేజ్ పెంచుతూ 460 దాకా వెళ్లాలి. లోపలివాడు నటుడు, కరెంటు లేదు. ఆ సంగతి పోటీదార్లకూ తెలియదు, జనానికీ తెలియదు. వాడు అరుస్తాడు, వదిలేయమని బతిమాలతాడు, తర్వాత ఏ చప్పుడూ రాదు. పోటీదారు ఆగితే యాంకర్ నవ్వుతూ కొనసాగించండి, బాధ్యత మాది అంటుంది. జనం శిక్ష, శిక్ష అని అరుస్తారు.

1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగానికి ఇది టీవీ రూపం. అక్కడ బూడిద రంగు ల్యాబ్ కోటు వేసుకున్న మనిషి చెప్తే 40 మందిలో 26 మంది చివరి దాకా వెళ్లారు. ఇక్కడ యాంకర్ చెప్తే 80 మందిలో 64 మంది వెళ్లారు. గెలిచినా ప్రైజ్ మనీ లేదు. కొందరు లివర్ లాగుతూ ఏడ్చారు. లాగడం మాత్రం మానలేదు. పదహారు మంది నావల్ల కాదని లేచి వచ్చేశారు.

నేను ఆ 64 మందిలో మనిషిని. అందుకే తెనాలి ఆవిడ సంగతి మిగిల్చి ఉంచాను.

ఆరోజు నేను ఆవిడ ఫారంలో ఏమీ రాయలేదు. కానీ ప్రొడ్యూసర్ వచ్చి, ఇవాళ ఒక్క టిక్కు కూడా లేదేంటి, ఎపిసోడ్ ఎలా నిలబడుతుంది అని కేకలేస్తే, నోరు జారి చెప్పేశాను. జారి అంటున్నాను, ఇన్నేళ్లుగా అలాగే చెప్పుకుంటున్నాను. భయపడి చెప్పాను. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. ఆయన యాంకర్ చెవిలో ఏదో అన్నారు.

షూటింగ్ మొదలైంది. గ్లాసుల ఆటకు ముందు యాంకర్ ఆవిడను దగ్గరికి తీసుకుని, 'అంకుల్ గారు రాలేదా ఆంటీ?' అంది. ఆవిడ వెంటనే యాంకర్‌ను చూడలేదు. కెమెరాల వెనక నిలబడ్డ నన్ను చూశారు. నేను చేతిలో ఉన్న ప్యాడ్ వైపు తల దించుకున్నాను. చాలాసేపు తమాయించుకున్నారు. యాంకర్ భుజం మీద చెయ్యి వేసేసరికి ఇక ఆగలేదు. ఫ్లోర్ మేనేజర్ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. క్లాప్స్ మోగాయి. కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, ఆవిడ వెళ్లి గ్లాసుల ముందు నిలబడ్డారు.

అయిపోయాక ఆవిడ చీర కొంగు నుంచి మైకు విప్పింది నేనే. నన్ను ఒక్క మాట అనలేదు. 'ఆ ముక్క తీసేయించు పాపా. మా అబ్బాయి హాస్టల్‌లో అందరితో కూర్చుని చూస్తాడు' అన్నారు. 'అలాగే ఆంటీ' అన్నాను. ఎడిటింగ్ రూమ్ తలుపు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు.

వారం రోజులు ప్రోమోలో పొద్దున్నా రాత్రీ ఆ ముక్కే వేశారు. ఆ నిమిషంలో ఆవిడ పేర్చిన గ్లాసులు ఇరవై మూడు. ఆ షోలో అప్పటిదాకా ఎవరూ పేర్చనన్ని. అది ప్రోమోలో రాలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మీరు అడగాలనుకున్నవి ఉంటే అడగండి.